గేటు కాడ చెప్పేవాళ్ళు ఉండేవాళ్ళు

ఆదోనిలో ఈరోజు ఏ మిల్లు గేటు దగ్గరైనా నిలబడి, షిఫ్టు దిగి వచ్చే పిల్లగాణ్ణి ఆపి అడిగి చూడండి. "నీ సంబళంలో ఈ.ఎస్.ఐ. అని ఎంత కోస్తున్నారప్పా? దానికి నీకేమొస్తాది?" మొదటి ప్రశ్నకు జేబులోంచి ఫోను తీసి వెతుకుతాడు. రెండో ప్రశ్నకు "జరమొస్తే మాత్రలిస్తారంట సార్" అంటాడు. అంతకు మించి తెలియదు. ఈ కార్మిక బీమా కింద, జబ్బుచేసి మంచాన పడితే ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం చేతికొస్తుందని తెలియదు. పనిలో దెబ్బ తగిలి ఇంట్లో కూర్చుంటే 90 శాతం వస్తుందని తెలియదు. ఉన్న పని ఊడిపోతే ఆదుకోవడానికి 2018 నుంచి ఒక పథకం ఉందనీ, 90 రోజుల వరకు సగం జీతం దాని కింద అడగవచ్చనీ అసలే తెలియదు. తెలియకపోవడం ఆ పిల్లగాడి తప్పు కాదు. చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదు. మా రోజుల్లో చెప్పేవాళ్ళు. నా కోపమంతా అక్కడే.

నేను పనిచేసింది ఆదోనిలో ఒక దారం మిల్లు టైమాఫీసులో. అప్పట్లో ఆదోనిని రెండో బొంబాయి అనేవాళ్ళు. పత్తి మండి, జిన్నింగు ఫ్యాక్టరీలు, నూనె మిల్లులు, బట్టల అంగళ్ళు, బంగారు అంగళ్ళు. 1974లో కేంద్ర ప్రభుత్వం దేశంలోని ఖాయిలా బట్టల మిల్లులను జాతీయం చేసినప్పుడు ఆ జాబితాలో ఆదోని కాటన్ మిల్స్ పేరు కూడా ఉంది. ఊరు పొద్దున మిల్లు కూతతో లేచేది. ఆ కూతకు పరిగెత్తి వచ్చేవాళ్ళలో సగంమందికి చదువు రాదు. అయినా తమకు రావాల్సింది ఏమిటో వాళ్ళకు తెలిసేది. బ్లోరూంలో దూది దుమ్ము పీల్చే మనిషి కూడా బోనస్ 8.33 శాతానికి తగ్గకూడదనీ, 20 శాతానికి మించదనీ వేళ్ళు మడిచి చెప్పేవాడు. అది 1965 చట్టం. దాన్ని అతను ఏ పుస్తకంలోనూ చదవలేదు, గేటు దగ్గర చెవితో విన్నాడు.

ఫ్యాక్టరీల చట్టం 1948లోనే ఒక మంచి మాట రాసిపెట్టింది. కార్మికులకు తెలియాల్సిన నోటీసులు ఇంగ్లీషుతోపాటు అక్కడి మెజారిటీ కార్మికులకు అర్థమయ్యే భాషలో ఉండాలి. అవి ప్రధాన ద్వారం దగ్గర, అందరి కంటా పడేచోట ఉండాలి. మా గేటు పక్కన చెక్క బోర్డుకు మూడు భాషల కాగితాలుండేవి: తెలుగు, కన్నడం, ఉర్దూ. ఆదోని తాలూకా 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉన్నదే కదా. ఇంట్లో కన్నడం, బజార్లో ఉర్దూ, మిల్లులో తెలుగు మాట్లాడేవాళ్ళు మాలో ఎందరో. మెజారిటీ భాష అన్నారు కదా అని తెలుగుతో సరిపెట్టలేదు మా వెల్ఫేర్ ఆఫీసరు. తెలుగు కాగితం నేను రాసేవాణ్ణి. ఉర్దూ కాగితం కార్డింగులో పనిచేసే ఒక పెద్దాయన రాసేవాడు, ఆయన దస్తూరి ముత్యాల్లా ఉండేది.

కానీ బోర్డును నమ్ముకుని ఎవరూ కూర్చోలేదు. బట్వాడా రోజున, జీతం కవర్లు పంచకముందు, వెల్ఫేర్ ఆఫీసరు బెంచీ ఎక్కి నిలబడేవాడు. ఆ నెలలో కొత్తగా వచ్చిన సంగతి ఒక్కటే, ఒకే ఒక్కటి, చెప్పేవాడు. ఈ.ఎస్.ఐ. డాక్టరు దగ్గర సర్టిఫికెట్ ఎట్లా తీసుకోవాలో ఒక నెల చెబితే, పి.ఎఫ్. నుంచి ఆడపిల్ల పెళ్ళికి ఎంత తీసుకోవచ్చో ఇంకో నెల. చెప్పడం అయినాక వరసలో ముందున్న మనిషిని చూపించి "నేను చెప్పింది మళ్ళీ చెప్పు" అనేవాడు. ఆ మనిషి తడబడితే పక్కవాడు అందుకునేవాడు, వాడూ తడబడితే ఆఫీసరు మళ్ళీ మొదటినుంచి. అందరికీ ఎక్కిందని నిశ్చయమైనాకే కవర్లు. జీతం కోసం నిలబడ్డ మనిషి ఎక్కడికీ పోడు, వింటాడు. ఆ కిటుకు ఆయనకు తెలుసు. ఐదువందల మంది, అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీకి వెల్ఫేర్ ఆఫీసరు ఉండాలని చట్టం ఎందుకు పెట్టిందో ఆయనను చూస్తే అర్థమయ్యేది.

గ్రాట్యుటీ చట్టం 1972లో వచ్చింది. ఐదేళ్ళు నిండిన మనిషికి, ఏడాదికి పదిహేను రోజుల జీతం లెక్కన, పని మానేటప్పుడు ఇవ్వాలన్నారు. దానికి నామినేషన్ కాగితం ఉంది, ఫారం ఎఫ్ అంటారు. మనిషి పోతే డబ్బు ఎవరికివ్వాలో ముందే రాసిపెట్టాలి. ఆ కాగితాలు రాయించడం చిన్న పని కాదు. "సచ్చినాక వచ్చే దుడ్డుకు ఇప్పుడే పేరేందప్పా, అపశకునం" అని చేతులు వెనక్కి పెట్టుకునేవాళ్ళు. నైట్ షిఫ్టు వాళ్ళు నిద్రమత్తులో వేలిముద్ర వేసి పోదామని చూసేవాళ్ళు. వెల్ఫేర్ ఆఫీసరు ఒప్పుకునేవాడు కాదు. "నీ తర్వాత నీ పెండ్లాం ఈ గేటు కాడికొచ్చి నిలబడితే మేమేం చెప్పాల?" అని అడిగేవాడు. దానికి జవాబు ఎవరి దగ్గరా ఉండేది కాదు. పేర్లు చెప్పేవాళ్ళు. కొందరు తల్లి పేరు, కొందరు పెండ్లాం పేరు, కొందరు ఇద్దరికీ చెరిసగం. పెళ్ళికి ముందు రాయించినవాణ్ణి, పెళ్ళి శుభలేఖ పంచడానికొచ్చిన రోజే పట్టుకుని, "లగ్గం అయినాక వచ్చి కాగితం మార్చిపో" అని చెప్పి పంపేవాళ్ళం. ఇదీ చెప్పడమంటే. మనిషి జీవితంలో ఏదైనా మారిన రోజున, ఆ మార్పుకు సంబంధించిన హక్కు గురించి ఎదురొచ్చి చెప్పడం.

బదిలీ కార్మికుల సంగతి చెప్పాలి. పర్మనెంట్ వాళ్ళు రానిరోజు వాళ్ళ చోట దిగే మనుషులు. ఈ.ఎస్.ఐ.లో జబ్బు సాయం దొరకాలంటే ఆరునెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా పడాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ ఒక కాలం, అక్టోబర్ నుంచి మార్చి ఇంకో కాలం. బదిలీ మనిషికి ముస్టరులో డెబ్బై రోజులు పడి, ఇంకో వారం పది రోజులు తక్కువై, ఆ కాలం ముగిసిపోయేది. టైమాఫీసులో ముస్టరు మా చేతుల్లో ఉంటుంది కనుక లెక్క మాకు తెలుసు. సెప్టెంబర్ వచ్చిందంటే, మార్చి వచ్చిందంటే, దగ్గర్లో ఆగిపోయినవాళ్ళ పేర్లు విడిగా తీసేవాళ్ళం. మేస్త్రీని పిలిచి "వీళ్ళకు నెలాఖరుకల్లా ఈ నాలుగు రోజులు వెయ్యి" అని చెప్పేవాళ్ళం. ఆ మనిషినీ పిలిచి "ఊరికి పోవద్దు, ఈ వారం ఉండు, నీకు ఆరునెలల భద్రత" అని చెప్పేవాళ్ళం. ఇప్పుడు హాజరు లెక్కంతా కంప్యూటరులో ఉంది. ఒక్క మీట నొక్కితే 70 రోజులు దాటి 78కి చేరనివాళ్ళ పేర్లు వచ్చిపడతాయి. ఆ మీట నొక్కి, ఆ మనిషిని పిలిచి చెప్పే ఫ్యాక్టరీ ఎక్కడుందో చూపించండి, వెళ్ళి దండం పెట్టి వస్తాను.

ఎమ్మిగనూరు మాట ఎత్తకుండా ఈ సంగతి పూర్తికాదు. మా నాయన మగ్గం మనిషి. ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘాన్ని మాచాని సోమప్పగారు 1938లో పెట్టారు. అప్పటికి ఎమ్మిగనూరు బళ్ళారి జిల్లాలో ఆదోని తాలూకా ఊరు, మద్రాసు ప్రెసిడెన్సీ. కరువులు, నూలు షావుకార్ల అప్పులు, నేసిన బట్టకు వాళ్ళు చెప్పిందే ధర. అలాంటి చోట నేతగాళ్ళనే సభ్యులను చేసి, నూలు సంఘమే ఇచ్చి, బట్ట సంఘమే కొని, మజూరి చేతిలో పెట్టే ఏర్పాటు చేశారు. నేతగాళ్ళకు ఇళ్ళు కట్టించారు. ఎమ్మిగనూరు దుప్పటి, టవలు ఊరి పేరును దేశమంతా తిప్పాయి. ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

సంఘంలో నేతగాడు నౌకరు కాదు, సభ్యుడు. అందుకే అక్కడ చెప్పే పద్ధతే వేరుగా ఉండేది. బట్ట దాఖలు చేసే రోజున గుమాస్తా పాసుబుక్కు ముందు పెట్టుకుని మజూరి ఎంత, కోత ఎంత, జమ ఎంత అని పైకి చదివేవాడు. మా నాయనకు అక్షరం రాదు గానీ, ఆ చదవడంలో ఒక పైసా తేడా వచ్చినా పట్టేసేవాడు. తర్వాత రోజుల్లో పొదుపు నిధి వచ్చినప్పుడు రూపాయి మజూరికి నేతగాడు 8 పైసలు వేస్తే కేంద్రం 4, రాష్ట్రం 4 కలుపుతాయన్నారు. నేతపేటల్లో అందరికీ ఆ లెక్క నోటికొచ్చింది. ఎనిమిదేస్తే పదహారు. అంతే. అంత చిన్నగా చెబితే ఎవరికి అర్థం కాదు? ఇంకో సంగతి కూడా ఉంది. మగ్గం ఇంట్లో ఉంటుంది, కండెలు చుట్టేది ఆడవాళ్ళు, అందుకే సంఘం మాట నేరుగా ఇంట్లోకే వచ్చేది. బోనస్ ఎప్పుడో మా నాయన కంటే ముందు మా అమ్మకు తెలిసేది. జాతరకు ముందు వస్తుందా, తర్వాత వస్తుందా అని ఆమె నీలకంఠేశ్వరుడి తేరు నాటికి లెక్క వేసుకునేది. సంఘానికి ఇప్పుడు ఆ వైభవం లేదు. మగ్గాలు తగ్గాయి, పిల్లలు బెంగుళూరు దారి పట్టారు. కానీ లెక్కను మనిషి ముందు పైకి చదివి వినిపించే ఆ పద్ధతి ఈనాటి ఏ కంపెనీ అయినా నేర్చుకోవాల్సిందే.

పెద్దవాళ్ళు కూడా ఆ రోజుల్లో అట్లాగే ఆలోచించారు. ఈ.ఎస్.ఐ.కి పునాది వేసింది ప్రొఫెసర్ అడార్కర్ 1944లో ఇచ్చిన నివేదిక. చట్టం 1948లో వచ్చింది, పథకం 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో మొదలైంది. ఆరోజు ప్రధానమంత్రి నెహ్రూ ఒక పార్కులో వేలమంది కార్మికుల ముందు నిలబడి వాళ్ళకు అర్థమయ్యే హిందీలో మాట్లాడారు. ఆ పథకంలో మొదటి గౌరవ బీమాదారుగా తానే సంతకం పెట్టారు. కేంబ్రిడ్జిలో చదివిన మనిషికి ఇంగ్లీషులో ప్రకటన ఇచ్చి ఊరుకోవడం చాలా సులువు. ఆయన ఊరుకోలేదు. కొత్త చట్టం మీద కార్మికుడికి నమ్మకం కలగాలంటే ఒక మనిషి ఎదురుగా నిలబడి నోటితో చెప్పాలని ఆ తరానికి తెలుసు.

ఇప్పటికి వద్దాం. చేరిన రోజునే ఫోనుకు ఒక పీడీఎఫ్ వస్తుంది. నలభై యాభై పేజీలు, ఇంగ్లీషు, సన్నక్షరాలు. కింద "చదివి అంగీకరించాను" అని ఒక గడి. పిల్లగాడు గడి నొక్కుతాడు, కంపెనీ తన బాధ్యత తీరిందనుకుంటుంది. కాగితాల్లో చూస్తే అందరికీ అన్నీ చెప్పినట్టే ఉంటుంది. మనుషులను అడిగితే ఎవరికీ ఏమీ తెలియదు. భోజనానికి పిలిచి ఇంటి గుర్తు చెప్పనట్టుంది ఈ వ్యవహారం. వాట్సాప్ గ్రూపులో పెట్టాం కదా అంటారు. ఆ గ్రూపులో పండగ శుభాకాంక్షలు, పుట్టినరోజు బొమ్మలు, సేఫ్టీ వీడియోలు వచ్చిపడుతుంటాయి, వాటి కింద ఈ.ఎస్.ఐ. కాగితం ఎక్కడో అణగిపోతుంది. పైగా కాంట్రాక్టరు కింద పనిచేసేవాణ్ణి ఆ గ్రూపులోనే చేర్చరు. గేటు లోపల చేసేది అదే పని, అదే యంత్రం, అదే దుమ్ము. హక్కు సంగతి వచ్చేసరికి మాత్రం "మీ కాంట్రాక్టరును అడగండి" అంటారు. కాంట్రాక్టరు ఫోను ఎత్తడు.

చట్టం వెనకబడి ఉందా అంటే లేదు, చట్టం ముందే నడిచింది. ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి సెలవును 26 వారాలకు పెంచినప్పుడే ఇంకో మాట చేర్చారు: ఉద్యోగంలో చేరేటప్పుడే ప్రతి స్త్రీకి ఈ చట్టం కింద వచ్చే ప్రయోజనాలన్నీ రాతపూర్వకంగా, ఎలక్ట్రానిక్ రూపంలోనూ తెలియజేయాలి. అదే ఏడాది ప్రమాద పరిహారం చట్టాన్ని కూడా సవరించారు. పనిలో చేరిన వెంటనే పరిహారం హక్కు గురించి ఆ కార్మికుడికి అర్థమయ్యే భాషలో యజమాని చెప్పాలి, చెప్పకపోతే 50,000 రూపాయలకు తగ్గకుండా జరిమానా అన్నారు. ఇలాంటి పాత చట్టాలు 29 కలిపి చేసిన నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి, నిర్ణీత కాలానికి తీసుకున్నవాళ్ళకు ఒక ఏడాదికే గ్రాట్యుటీ ఇవ్వాలి అని అందులో ఉంది. మా కాలంలో ఇవి లేవు, కలలో కూడా అనుకోలేదు. ఈ.ఎస్.ఐ. కోతైనా అంతే. ఒకప్పుడు కార్మికుడి వాటా 1.75 శాతం. 2019 జూలై నుంచి 0.75 శాతమే, యజమాని వాటా 3.25. కోత తగ్గింది, వచ్చేది పెరిగింది, తెలిసినవాళ్ళే తగ్గిపోయారు. నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఇది.

అన్నింటికంటే ఎక్కువ బాధ పెట్టేది ఇ.డి.ఎల్.ఐ. అని ఒకటుంది, దాని సంగతి. పి.ఎఫ్.తో ముడిపడిన బీమా. 1976లో వచ్చింది. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే కుటుంబానికి పి.ఎఫ్. డబ్బు కాక విడిగా ఈ బీమా డబ్బు రావాలి. 2021లో పెంచాక అది గరిష్ఠంగా 7 లక్షల రూపాయలు. దీనికి కార్మికుడి జీతంలోంచి ఒక్క పైసా కోయరు, చందా అంతా యజమానే కడతాడు. కోత లేదు కనుక జీతం చీటీలో దాని పేరే ఉండదు. చీటీలో పేరు లేదు కనుక కార్మికుడికి తెలియదు. అతనికే తెలియనిది అతని పెండ్లానికి ఎట్లా తెలుస్తుంది? మాకు తెలిసిన ఒక ఇంట్లో ముప్ఫై ఏళ్ళు నిండని పిల్లగాడు మోటారుసైకిల్ మీదనుంచి పడి పోయాడు. కంపెనీవాళ్ళు పూలదండ తెచ్చారు, తలా కొంచెం వేసుకుని కొంత డబ్బూ ఇచ్చారు. మంచి మనసుతోనే ఇచ్చారు, కాదనను. కానీ పి.ఎఫ్. డబ్బుకు ఫారం 20, పెన్షన్‌కు 10డి, బీమాకు 5ఐఎఫ్ అని మూడు కాగితాలున్నాయని ఎవరూ చెప్పలేదు. అతని పెండ్లాం పి.ఎఫ్. ఒక్కటే తీసుకుని, అంతే కాబోలు అనుకుని ఊరుకుంది. పెన్షను, బీమా తనకు రావాల్సినవని ఆమెకు తెలిసేసరికి చాలా కాలం గడిచిపోయింది. పెండ్లాం, చంటిబిడ్డ, ముసలి అత్తామామలు. ఆ ఇంటికి ఏడు లక్షలంటే ఏమిటో ఆదోని బజారులో ఎవరినడిగినా చెబుతారు.

మా మిల్లులో మనిషి పోతే, దినాలు కాకముందే వెల్ఫేర్ ఆఫీసరు, యూనియన్ మనిషి కలిసి ఇంటికి పోయేవాళ్ళు. కాగితాలు ముందే నింపి తీసుకుపోయేవాళ్ళు. "ఇక్కడ వేలు పెట్టమ్మా, ఇది పి.ఎఫ్., ఇది పెన్షను, ఇది బీమా" అని ఒక్కొక్కటి విడిగా చెప్పి పెట్టించేవాళ్ళు. డబ్బు రావడం ఆలస్యమయ్యేది, నిజమే. పై ఆఫీసుకు పోయిన కాగితం తిరిగి రావడానికి నెలలు పట్టేది. కానీ ఏమి రావాలో ఆ తల్లికి తెలిసేది కనుక రాకపోతే అడిగేది. తెలియని మనిషి అడగదు. ఎవరూ అడగకపోతే ఇవ్వాల్సినవాళ్ళకు తొందరేముంది?

పెన్షన్ విషయంలో ఇంకో ఘోరం జరుగుతోంది. యజమాని కట్టే 12 శాతంలో 8.33 శాతం పెన్షన్ నిధికి పోతుంది. పదేళ్ళ సర్వీసు నిండితే ముసలితనంలో నెలనెలా పెన్షను. చిన్నదే, తక్కువలో తక్కువ వెయ్యి రూపాయలు, అయినా చచ్చేదాకా వస్తుంది, ఆ తర్వాత పెండ్లానికి వస్తుంది. ఇప్పటి పిల్లలు రెండేళ్ళు ఇక్కడ, మూడేళ్ళు అక్కడ. మానేసిన ప్రతిసారీ ఉన్నదంతా ఊడ్చి తీసుకుంటారు, పెన్షన్ డబ్బుతో సహా. డబ్బు తీయకుండా ఖాతా బదలాయించుకుంటే పాత సర్వీసు కొత్తదానికి కలుస్తుందని, పదేళ్ళు అట్లా పోగవుతాయని వాళ్ళకు పని మానే రోజున చెప్పే నాథుడు లేడు. పని మానే రోజున కంపెనీ ఐడీ కార్డు, బూట్లు, తాళంచెవి అడిగి తీసుకుంటుంది. ఆ బల్ల దగ్గరే, ఆ ఐదు నిమిషాల్లోనే ఈ ముక్క చెప్పవచ్చు. మా టైమాఫీసులో లెక్క తేల్చుకోవడానికి వచ్చినవాణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి, "తొమ్మిదేండ్లయింది, ఇంకొక్క ఏడాది యాడైనా చేసి కలుపుకో" అని చెప్పి పంపినవాళ్ళు ఇప్పుడు పెన్షన్ తింటున్నారు, కనబడితే ఆగి పలకరిస్తారు.

ఇది చదువురానివాళ్ళ సమస్య అనుకోవద్దు. మా మనవడు బెంగుళూరులో పెద్ద కంపెనీలో ఇంజినీరు. వాళ్ళ ఆఫీసులో తల్లిదండ్రులను గ్రూపు బీమాలో చేర్చుకునే వీలుంది, చేరిన కొత్తలో కొద్దిరోజులే, తర్వాత మళ్ళీ ఏడాదికే. ఆ సంగతి ఇంగ్లీషులో ఒక మెయిలు వచ్చిందంట. ఇలాంటి మెయిళ్ళు రోజుకు వందొస్తాయి, వాడు తెరవలేదు. మా అబ్బాయికి, అంటే వాడి నాయనకు, ఆపరేషన్ పడినప్పుడు "ఆ గడువు దాటిపోయింది తాతా" అన్నాడు. పి.ఎఫ్. నామినీ ఎవర్రా అని అడిగితే పెళ్ళికి ముందు రాసిందే ఉంది. అంత చదువు చదివినవాడి గతి ఇదైతే, కోసిగి నుంచి, పెద్దకడుబూరు నుంచి బస్సెక్కి పనికొచ్చే మనిషి గతేమిటి?

ఈ పల్లెల మనుషుల గురించి విడిగా చెప్పాలి. మా ఆదోని వైపు మండలాల్లో వానలు ముఖం చాటేస్తే కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి, అంటే వలసకు, పోతాయి, గుంటూరు మిరప తోటలకు, బెంగుళూరు కట్టుబడి పనులకు. మిగిలిన నెలల్లో ఇక్కడ పత్తి జిన్నింగు, ప్రెస్సింగు, కాయలు కొట్టే మిల్లులు. ఇక్కడో చిక్కుముడి ఉంది. పత్తి జిన్నింగు, ప్రెస్సింగు, వేరుశనగ కాయలు కొట్టడం మాత్రమే చేసేవి చట్టం లెక్కలో సీజనల్ ఫ్యాక్టరీలు, వాటికి ఈ.ఎస్.ఐ. వర్తించదు. ఆదోని బతికేదే ఆ పనుల మీద. పక్కనే ఉన్న దారం మిల్లుకు వర్తిస్తుంది. జిన్నింగులో చెయ్యి నలిగిన ఆడమనిషికి ఈ.ఎస్.ఐ. లేకపోయినా 1923 చట్టంతో మొదలైన పరిహారం హక్కు ఉంది, యజమాని పరిహారం కట్టాలి. అది ఆమెకు ఎవరు చెప్పారు? బెంగుళూరులో ఇటుకలు మోసే మనిషికి ఏడాదిలో 90 రోజుల కట్టుబడి పని చేస్తే భవన కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు రాయించుకోవచ్చని, ఆ బోర్డు కోసమే కట్టే ప్రతి పెద్ద భవనం మీద సెస్సు వసూలు చేస్తారని ఎవరు చెప్పారు? మేస్త్రీ చెప్పడు. చెప్పాలని అతనికెవరూ చెప్పలేదు.

మా రోజుల్లో అంతా స్వర్గమని నేను అనను. ఆడవాళ్ళకు చెప్పడంలో మా కాలం కూడా వెనకబడే ఉంది. రీలింగులో పనిచేసే ఆడమనిషికి కాన్పు సెలవు గురించి తోటి ఆడవాళ్ళు గుసగుసగా చెప్పుకోవడమే తప్ప బెంచీ ఎక్కి ఎవరూ చెప్పలేదు. ఈ కాలం సౌకర్యాలూ తక్కువవి కావు. పి.ఎఫ్.లో ఎంతుందో ఫోనులో చూసుకోవచ్చు, కడప ఆఫీసుకు బస్సెక్కి పోనక్కర్లేదు. యూ.ఏ.ఎన్. అని ఒక్క నంబరు జీవితాంతం వెంట వస్తుంది. మా కాలంలో ఆ నంబరు ఉండుంటే మిల్లులు మూతపడినప్పుడు ఎన్ని ఖాతాలు గాలిలో కలవకుండా ఉండేవో. కానీ ఆ నంబరుకు ముడిపెట్టిన సిమ్ము మారిపోతే, ఆధార్‌లో ఒక పేరు ఖాతాలో ఒక పేరు ఉంటే, ఆ తలుపు తెరుచుకోదు. తెరిచి చూపే మనిషి గేటు దగ్గర ఉండాలి. ఫోను మనిషికి సాయంగా రావాలి, మనిషిని తీసేసి దాని చోట ఫోను పెట్టకూడదు.

కంపెనీలు నడిపే పెద్దలకు నా విన్నపం ఇది. ఈ.ఎస్.ఐ.కి, పి.ఎఫ్.కి, గ్రాట్యుటీకి మీరు కడుతున్నది తక్కువేమీ కాదు. కట్టి కూడా మంచిపేరు తెచ్చుకోలేకపోతున్నారు, ఎందుకంటే మీరు కడుతున్నట్టు మీ మనుషులకు తెలియదు. జీతం చీటీ తెలుగులో ఇవ్వండి, ఆదోనిలోనైతే ఉర్దూ, కన్నడం కూడా. అందులో కార్మికుడి కోత ఒక్కటే వేయకండి, మీరు కట్టేదీ వేయండి, ఇ.డి.ఎల్.ఐ. కూడా వేయండి. గేటు దగ్గర ఒక బల్ల, ఒక కుర్చీ, ఈ ఊరి మాట తెలిసిన ఒక మనిషి. కాంట్రాక్టు మనుషులకూ ఆ బల్ల తెరిచే ఉండాలి. ఏడాదికొకసారి ఇంట్లోవాళ్ళను కూడా పిలవండి, నామినేషన్ కాగితం వాళ్ళ ముందు పైకి చదవండి. మీరు చెప్పింది చేరిందో లేదో తెలుసుకోవడానికి లెక్కలు, చార్టులు వద్దు. షిఫ్టు దిగే మనిషిని ఆపి "మళ్ళీ చెప్పప్పా" అని అడగండి.

ఇది చదువుతున్నవాళ్ళలో నెల జీతానికి పోయేవాళ్ళుంటే ఈ రాత్రే ఒక పని చెయ్యండి. మీ యూ.ఏ.ఎన్. నంబరు, ఈ.ఎస్.ఐ. నంబరు, నామినీగా ఎవరి పేరు రాశారు, మీకేదైనా అయితే కంపెనీలో ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఈ నాలుగూ తెలుగులో పెద్దక్షరాలతో ఒక కాగితం మీద రాయండి. ఇంట్లోవాళ్ళకు చదివి వినిపించండి, వాళ్ళ చేత మళ్ళీ చెప్పించుకోండి, రేషన్ కార్డు ఎక్కడ పెడతారో అక్కడే పెట్టండి. నామినీ పేరు పాతదైతే రేపే మార్పించుకోండి.